నడుస్తున్న పైథాన్ ప్రోగ్రాం సెట్టింగ్స్ ఆపకుండా మార్చడం: థ్రెడ్స్‌తో మొదట్నుంచి చివరిదాకా

మూడు గంటలు నడవాల్సిన స్క్రిప్ట్ స్టార్ట్ చేశారు, గంటన్నర అయ్యాక చూస్తే రిక్వెస్టుల మధ్య గ్యాప్ మరీ తక్కువ పెట్టాం, అవతలి సర్వర్ ఎర్రర్లు ఇవ్వడం మొదలెట్టింది. ఏం చేస్తాం, కంట్రోల్ సీ కొట్టి, ఫైల్‌లో 2ని 5 చేసి, మళ్ళీ మొదట్నుంచి. అప్పటిదాకా మెమరీలో పోగేసిందంతా గోవిందా. ప్రోగ్రాం నడుస్తుండగానే టెర్మినల్‌లో ఒక కమాండ్ కొట్టి ఆ 2ని 5 చేసే పద్ధతి ఇక్కడ రాస్తున్నా.

ఉదాహరణకి ఒక నిజమైన పని తీసుకుందాం. తెలుగు వికీపీడియాలో ఏ వ్యాసాలు మరీ చిన్నగా ఉన్నాయో లిస్ట్ తీయాలి. టైటిళ్ళ లిస్ట్ మన దగ్గర ఉంది, వికీ ఏపీఐని అడిగితే ఒక్కో పేజీ సైజు చెప్తుంది. మామూలు యూజర్‌కి ఒక రిక్వెస్టులో 50 టైటిళ్ళ వరకే పర్మిషన్. లక్ష టైటిళ్ళు ఉన్నాయనుకుంటే, 20 చొప్పున 5000 రిక్వెస్టులు, మధ్యలో 2 సెకన్ల గ్యాప్ పెడితే గ్యాపులకే దాదాపు 2 గంటల 45 నిమిషాలు పోతుంది. ఈ మధ్యలో గ్యాప్ పెంచాలనిపించొచ్చు, బ్యాచ్ మార్చాలనిపించొచ్చు, వైఫై పోయి ఫోన్ హాట్‌స్పాట్‌కి మారితే కాసేపు పాజ్ చేయాలనిపించొచ్చు.

ఒక మాట ముందే చెప్తా. సెట్టింగ్ మార్చడం అసలు కష్టమే కాదు, గ్లోబల్ డిక్షనరీ ఒకటి పెట్టి ఇంకో థ్రెడ్ (అదే ప్రోగ్రాంలో పక్కనే సొంతంగా నడిచే ఇంకో వరస) నుంచి అందులో రాసేస్తే మారిపోతుంది, చాలా ఉదాహరణలు అక్కడితోనే ఆగిపోతాయి. ఆ మార్పు ఏ క్షణంలో అమల్లోకి రావాలి అన్నదాంట్లోనే ఉంది పనంతా. కింద చెప్పేదాంట్లో సగానికి పైగా దాని గురించే.

కోడ్ మాటలు కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా. పైథాన్ కీవర్డ్స్, లైబ్రరీ పేర్లు మీ ఎడిటర్‌లో మామూలుగా ఇంగ్లిష్‌లో టైప్ చేయాలి, క్లాసు పేర్లకి మొదటి అక్షరం పెద్దది. వేరియబుల్ పేర్లు మాత్రం నిజంగానే తెలుగులో పెట్టుకోవచ్చు, పైథాన్ 3 ఒప్పుకుంటుంది. ఒక్కటే తిరకాసు, పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా విడిగా కనపడాలని కీబోర్డు మధ్యలో కనిపించని క్యారెక్టర్ ఒకటి పెడుతుంది చూశారూ, అది పేరులో ఉంటే సింటాక్స్ ఎర్రర్. అలాంటి చోట అండర్‌స్కోర్ పెట్టేయండి. పైథాన్ 3.9 లేదా ఆ పైది ఉంటే ఇక్కడ ముఖ్యమైనవన్నీ నడుస్తాయి, కొత్త వెర్షన్ కావాల్సిన చోట చెప్తా.

మెట్టు 1: ఎవరు ఏ థ్రెడ్‌లో

రెండు థ్రెడ్లు చాలు. కీబోర్డ్ దగ్గర కూర్చునేది మెయిన్ థ్రెడ్, అసలు పని చేసేది మనం పుట్టించే థ్రెడ్. చాలామంది తిరగేసి పెడతారు, పని మెయిన్‌లో పెట్టి ఇన్‌పుట్ కోసం డీమన్ థ్రెడ్ (మెయిన్ అయిపోగానే తెగిపోయేది) ఒకటి వదులుతారు, అదీ నడుస్తుంది, కానీ కంట్రోల్ సీ కొట్టినప్పుడు వచ్చే కీబోర్డ్‌ఇంటరప్ట్ మెయిన్ థ్రెడ్‌కే వస్తుంది, సిగ్నల్ హ్యాండ్లర్లు నడిచేది కూడా మెయిన్‌లోనే. అంటే సరిగ్గా ఒక బ్యాచ్ ఫైల్‌లోకి రాస్తున్నప్పుడు వచ్చి పడుతుంది. కీబోర్డ్‌కి సంబంధించినవన్నీ ఒకే చోట, మెయిన్‌లో ఉంటే ఈ బాధ లేదు.

జిల్, అంటే ఒకసారికి ఒకే థ్రెడ్ పైథాన్ కోడ్ నడపాలనే గ్లోబల్ ఇంటర్‌ప్రెటర్ లాక్, దాని గురించి అడుగుతారని తెలుసు. మామూలు సీపైథాన్‌లో (అందరూ వాడే పైథాన్ అదే) ఉన్నది ఒకటే మైకు, ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, ఇంకో థ్రెడ్ అడిగితే 5 మిల్లీసెకన్లకి ఒకసారి లాక్కుని ఇస్తారు. మన ప్రోగ్రాంలో ఒక థ్రెడ్ మీరు ఎంటర్ కొట్టడం కోసం, ఇంకోటి నెట్‌వర్క్ కోసం ఎదురుచూస్తూ ఉంటాయి, ఎదురుచూసేటప్పుడు మైకు వదిలేస్తాయి, కాబట్టి జిల్ వల్ల ఇక్కడ ఇబ్బందేం లేదు. పనే మొత్తం లెక్కలైతే, అంటే ప్రాసెసర్‌ని నూటికి నూరు శాతం వాడేదైతే, వేరే కథ. జిల్ ఉంది కాబట్టి లాకులు అక్కర్లేదు అనుకోవడం మాత్రం తప్పు. ఒక సంఖ్యకి 1 కలపడం అంటే చదవడం, కలపడం, తిరిగి రాయడం, ఈ మూడింటి మధ్యలో మైకు చేతులు మారొచ్చు. పైగా 3.13 నుంచి జిల్ లేని బిల్డ్ కూడా వస్తోంది, 3.14లో దానికి ప్రయోగం అన్న ముద్ర కూడా తీసేశారు, ఇంకా డిఫాల్ట్ కాకపోయినా. అందుకని జిల్‌ని నమ్ముకుని కోడ్ రాయొద్దు.

మెట్టు 2: సెట్టింగ్స్ అన్నీ ఒకే ముద్దగా

```
ఫ్రమ్ డేటాక్లాసెస్ ఇంపోర్ట్ డేటాక్లాస్, రీప్లేస్

@డేటాక్లాస్(ఫ్రోజెన్=ట్రూ)
క్లాస్ సెట్టింగ్స్:
    విరామం: ఫ్లోట్ = 2.0
    బ్యాచ్: ఇంట్ = 20
    టైమౌట్: ఫ్లోట్ = 30.0
    మాక్స్_లాగ్: ఇంట్ = 5
```

ఫ్రోజెన్ అంటే ఒకసారి తయారయ్యాక లోపల ఏదీ మార్చలేం, మార్చబోతే ఎర్రర్. మార్చడానికే కదా ఈ గోలంతా, మరి గడ్డకట్టించడం ఎందుకు అంటే: బ్యాచ్ 50, విరామం 10 అని రెండూ కలిపి మార్చాలనుకున్నారు, ఎక్కువ అడుగుతున్నాం కాబట్టి ఎక్కువ ఆగుదాం అని. డిక్షనరీ అయితే ముందు బ్యాచ్ మారుతుంది, తర్వాత విరామం మారుతుంది, ఈ రెండింటి సందులో పని థ్రెడ్ చదివిందంటే కొత్త బ్యాచ్, పాత విరామం దొరుకుతాయి, మీరెప్పుడూ అడగని కాంబినేషన్. ఫ్రోజెన్ వస్తువైతే పాతది అలాగే ఉంటుంది, పక్కన కొత్తది మొత్తంగా తయారవుతుంది, చివర్లో పేరు మాత్రం కొత్తదాని వైపు తిరుగుతుంది. చదివేవాళ్ళకి పూర్తిగా పాతదో పూర్తిగా కొత్తదో, ఏదో ఒకటే.

ఇంకో లాభం. డిక్షనరీలో "విరమం" అని దీర్ఘం మర్చిపోయి రాస్తే కొత్త కీ పుట్టి కూర్చుంటుంది, ఎర్రర్ రాదు, మార్చాననుకుని మీరు మీ పనిలో ఉంటారు. రీప్లేస్ అయితే అలాంటి ఫీల్డే లేదని టైప్ఎర్రర్ ఇస్తుంది. కానీ పక్కన రాసిన ఫ్లోట్, ఇంట్ అనేవి నామమాత్రమే, డేటాక్లాస్ టైపులు చెక్ చేయదు, విరామంలో స్ట్రింగ్ పెట్టినా మెదలకుండా తీసుకుంటుంది. ఆ చెకింగ్ మనదే, మెట్టు 5లో.

దీన్ని దాచడానికి ఒక పెట్టె:

```
క్లాస్ పెట్టె:
    డెఫ్ __ఇనిట్__(సెల్ఫ్):
        సెల్ఫ్.తాళం = థ్రెడింగ్.లాక్()
        సెల్ఫ్.ప్రస్తుతం = సెట్టింగ్స్()
    డెఫ్ చూడు(సెల్ఫ్):
        రిటర్న్ సెల్ఫ్.ప్రస్తుతం
    డెఫ్ మార్చు(సెల్ఫ్, **కొత్తవి):
        విత్ సెల్ఫ్.తాళం:
            సెల్ఫ్.ప్రస్తుతం = రీప్లేస్(సెల్ఫ్.ప్రస్తుతం, **కొత్తవి)
```

చూడడానికి తాళం అక్కర్లేదు, ఒక్క రిఫరెన్స్ చదవడమే. మార్చడానికి ఎందుకంటే అక్కడ పాతది చదివి, దాన్నుంచి కొత్తది చేసి, తిరిగి పెడుతున్నాం. ఇప్పుడు మార్చేది మీ కీబోర్డ్ ఒక్కటే కాబట్టి తాళం లేకపోయినా నడుస్తుంది, రేపు ఫైల్ నుంచి మార్చే థ్రెడ్ ఇంకోటి వచ్చిందంటే ఇద్దరూ ఒకే పాతదాన్ని చదివి, ఒకరి మార్పు మీద ఇంకొకరు రాసేస్తారు. ఒక్క లైనే కదా, ఇప్పుడే పెట్టేయండి.

మెట్టు 3: పని చేసే లూప్

```
డెఫ్ పని(పెట్టె, ఆగిపో, నడు, గంట, టైటిళ్ళు):
    స్థానం = 0
    వైల్ స్థానం < లెన్(టైటిళ్ళు):
        నడు.వెయిట్()
        ఇఫ్ ఆగిపో.ఈజ్_సెట్():
            బ్రేక్
        స = పెట్టె.చూడు()
        ముక్క = టైటిళ్ళు[స్థానం : స్థానం + స.బ్యాచ్]
        తెచ్చి_రాయి(ముక్క, స)
        స్థానం += లెన్(ముక్క)
        విరామం_తీసుకో(పెట్టె, ఆగిపో, గంట)
```

ఆగిపో, నడు, గంట మూడూ థ్రెడింగ్.ఈవెంట్‌లు, అంటే సెట్, క్లియర్ అని రెండే స్థితులున్న జెండాలు. గంట సంగతి మెట్టు 4లో. ఆగిపో సెట్ అయితే దుకాణం కట్టేయాలి. నడు సెట్‌లో ఉన్నంతసేపు పని నడుస్తుంది, క్లియర్ చేస్తే ఆ వెయిట్ లైను దగ్గర నిలబడిపోతుంది, అదే పాజ్. ప్రోగ్రాం మొదట్లో నడుని సెట్ చేయడం మర్చిపోవద్దు, ఈవెంట్ పుట్టేటప్పుడు క్లియర్‌గానే పుడుతుంది.

ఇందులో "స = పెట్టె.చూడు()" లైను మీద కాస్త ఆగండి. రౌండు మొదట్లో ఒకేసారి చదువుకుని, ఆ రౌండు అయ్యేదాకా ఆ స తోనే పని. కావాల్సినప్పుడల్లా పెట్టెని అడిగితే ఏం పోయింది అనుకుంటే, చివర్లో "స్థానం += పెట్టె.చూడు().బ్యాచ్" అని రాశారనుకోండి. రౌండు మొదలైనప్పుడు బ్యాచ్ 20, స్థానం 400. పైథాన్ 400 నుంచి 419 వరకు ఉన్న టైటిళ్ళు తీసుకుని సర్వర్‌ని అడిగింది. జవాబు వచ్చేలోపు మీరు బ్యాచ్ 50 చేశారు. జవాబు వచ్చింది, స్థానం 400కి 50 కలిసి 450 అయింది. 420 నుంచి 449 వరకు, ముప్పై టైటిళ్ళు, ఎవరూ అడగలేదు, ఎర్రర్ లేదు, లాగ్‌లో ఏమీ లేదు, మూడు గంటల తర్వాత లిస్ట్ చూసుకుంటే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. మార్పు అమల్లోకి రావాల్సింది రౌండుకీ రౌండుకీ మధ్య, అంతే. స్థానాన్ని లెన్(ముక్క)తో జరపడం కూడా అందుకే, ఎంత తీసుకున్నామో అంతే జరగాలి.

తెచ్చి_రాయి లోపల ఏముంటుందో మీ ఇష్టం, రెండే మాటలు. రిక్వెస్ట్స్ లైబ్రరీకి టైమౌట్ ఇవ్వకపోతే అది ఎంతసేపైనా ఎదురుచూస్తూ కూర్చుంటుంది, అప్పుడు మీరు ఎన్ని కమాండ్లు కొట్టినా పని థ్రెడ్ దాకా చేరవు, కాబట్టి స.టైమౌట్ తప్పకుండా పంపండి. వికీ ఏపీఐకి మాక్స్‌లాగ్ 5 పంపడం మర్యాద, వాళ్ళ డేటాబేస్ వెనకబడి ఉంటే తర్వాత రమ్మని చెప్తుంది, అలాగే రిక్వెస్టుతో పాటు వెళ్ళే యూజర్ ఏజెంట్ అనే హెడర్‌లో మీరెవరో, ఎలా కాంటాక్ట్ చేయాలో ఉండాలి.

మెట్టు 4: నిద్రలో ఉన్నదాన్ని లేపడం

ఇప్పుడు విరామం. టైమ్.స్లీప్ పెడితే ఏమవుతుందంటే, విరామం 60 ఉంది, మరీ ఎక్కువైందని మీరు 2 చేశారు, కానీ అది అప్పటికే 60 సెకన్ల నిద్రలోకి జారుకుంది, మిగిలిన యాభై చిల్లర సెకన్లు మీరు స్క్రీన్ చూస్తూ "మారిందా లేదా" అనుకుంటూ ఉండాలి. క్విట్ కొట్టినా అంతే. స్లీప్‌ని ఇంకో థ్రెడ్ నుంచి లేపడానికి లేదు.

ఈవెంట్‌కి ఉన్న వెయిట్ అలా కాదు, టైమ్ ఇస్తే అంతసేపు ఆగుతుంది, ఈలోపు ఎవరైనా సెట్ చేస్తే వెంటనే లేస్తుంది. కాబట్టి గంట.వెయిట్(స.విరామం) అని రాసి, సెట్టింగ్ మారినప్పుడల్లా గంట కొడదాం అంటారు మీరు. సగం కరెక్ట్. విరామం 2 నుంచి 10కి పెంచారు, అంటే నెమ్మదిగా వెళ్ళమని, గంట మోగగానే ఇది లేచి వెంటనే ఇంకో రిక్వెస్ట్ పంపేస్తుంది! సర్వర్ కోప్పడుతోందనే కదా పెంచింది. లేచాక మళ్ళీ లెక్క వేసుకోవాలి:

```
డెఫ్ విరామం_తీసుకో(పెట్టె, ఆగిపో, గంట):
    మొదలు = టైమ్.మోనోటోనిక్()
    వైల్ ట్రూ:
        గంట.క్లియర్()
        ఇఫ్ ఆగిపో.ఈజ్_సెట్():
            రిటర్న్
        మిగిలింది = మొదలు + పెట్టె.చూడు().విరామం - టైమ్.మోనోటోనిక్()
        ఇఫ్ మిగిలింది <= 0:
            రిటర్న్
        గంట.వెయిట్(మిగిలింది)
```

ఇక్కడ మాత్రం సెట్టింగ్‌ని ప్రతిసారీ కొత్తగా చదువుతున్నాం, కావాలనే, ఎందుకంటే ఇప్పుడు రౌండ్ల మధ్యే ఉన్నాం. 60ని 2 చేస్తే వెంటనే లేచి వెళ్ళిపోతుంది, 2ని 10 చేస్తే లేచి, ఇంకా ఎనిమిదో తొమ్మిదో సెకన్లు ఉన్నాయని చూసుకుని మళ్ళీ పడుకుంటుంది. టైమ్.టైమ్ బదులు మోనోటోనిక్ వాడింది సిస్టమ్ గడియారం ఎవరైనా వెనక్కి ముందుకి తిప్పినా లెక్క తప్పకూడదని.

లైన్ల వరస మార్చొద్దు. గంట.క్లియర్ పైన ఉంది, ఆగిపో చెక్ కింద ఉంది. తిరగేశారనుకోండి: ఇది ఆగిపో చూసింది, లేదు. సరిగ్గా అప్పుడే మెయిన్ థ్రెడ్ ఆగిపో సెట్ చేసి గంట కూడా కొట్టింది. తర్వాతి లైన్లో ఇది ఆ గంటని క్లియర్ చేసి, తాపీగా 60 సెకన్లు పడుకుంది. వందలో ఒకసారి కూడా జరగదు, జరిగినప్పుడు మాత్రం ఎందుకు జరిగిందో పట్టుకోలేరు. రూల్ ఏంటంటే, మార్చేవాళ్ళు ముందు విలువ మార్చి తర్వాత గంట కొట్టాలి, వినేవాళ్ళు ముందు గంట ఆర్పి తర్వాత విలువ చదవాలి. ఈ రెండు వరసలూ పాటిస్తే ఏ సందులో ఎవరు దూరినా మార్పు జారిపోదు. కండిషన్ అనే క్లాస్‌తో కూడా ఇదే చేయొచ్చు, నాకు ఇదే తేలిగ్గా అనిపిస్తుంది.

మెట్టు 5: వచ్చినదల్లా నమ్మొద్దు

కీబోర్డ్ నుంచి వచ్చేదంతా స్ట్రింగే. ఒక్కో సెట్టింగ్‌కి దేనిలోకి మార్చాలి, కనీసం ఎంత, గరిష్ఠం ఎంత అని ఒక చిన్న డిక్షనరీ పెట్టుకోండి: విరామం ఫ్లోట్, 0.5 నుంచి 60. బ్యాచ్ ఇంట్, 1 నుంచి 50. టైమౌట్ ఫ్లోట్, 1 నుంచి 120. బ్యాచ్‌కి 50 అన్నది ఏపీఐ పెట్టిన హద్దే, సున్నా మాత్రం మీరు ఆపాలి, బ్యాచ్ 0 అయితే ముక్క ఖాళీ, స్థానం కదలదు, లూప్ అక్కడే తిరుగుతూ ఖాళీ రిక్వెస్టులు కొడుతూనే ఉంటుంది.

హద్దులు చెక్ చేసేటప్పుడు "0.5 కన్నా తక్కువైతే తప్పు, 60 కన్నా ఎక్కువైతే తప్పు" అని రాయకుండా "0.5కీ 60కీ మధ్య లేకపోతే తప్పు" అని రాయండి. తేడా ఏముంది అంటారేమో, ఫ్లోట్‌కి నాన్ అనే మూడక్షరాల మాట ఇస్తే అది సంఖ్య కాని సంఖ్యని తయారు చేస్తుంది, ఎర్రర్ ఇవ్వదు, దాన్ని తక్కువా, ఎక్కువా, సమానమా అని దేనితో పోల్చినా జవాబు ఫాల్స్. మొదటి పద్ధతిలో అది తక్కువా కాదు, ఎక్కువా కాదు, దర్జాగా లోపలికి వచ్చేస్తుంది. రెండో పద్ధతిలో మధ్యలో లేదు కాబట్టి గుమ్మం దగ్గరే ఆగుతుంది.

అవును కాదు టైపు సెట్టింగ్స్ ఉంటే బూల్ ఫంక్షన్ వాడకండి, బూల్‌కి "ఫాల్స్" అనే స్ట్రింగ్ ఇచ్చినా ట్రూ అంటుంది, ఖాళీ కాని స్ట్రింగ్ ఏదైనా దానికి ట్రూనే. ఆన్, ఆఫ్ అని రెండు మాటలు మీరే పెట్టుకుని వాటితోనే పోల్చండి. స్ట్రింగ్‌ని కోడ్‌లా నడిపేసే ఇవాల్ జోలికి అసలు వెళ్ళొద్దు. సరదాకి ఒకటి: ఇంట్, ఫ్లోట్ రెండూ తెలుగు అంకెలు కూడా అర్థం చేసుకుంటాయి, ౫ అని టైప్ చేస్తే 5గానే తీసుకుంటాయి, దానికోసం మీరేం చేయక్కర్లేదు.

మెట్టు 6: కమాండ్ ప్రాంప్ట్

వైల్ ట్రూ పెట్టి ఇన్‌పుట్ చదివి ఇఫ్, ఎలిఫ్ అని పేర్చుకుంటూ పోవచ్చు, కానీ పైథాన్‌తోనే సీఎండీ అనే మాడ్యూల్ వస్తుంది, దీనికి సరిగ్గా సరిపోతుంది. సీఎండీ.సీఎండీ నుంచి ఒక క్లాస్ తీసుకుని అందులో డూ_సెట్, డూ_షో, డూ_పాజ్, డూ_రన్, డూ_క్విట్ అని మెథడ్స్ రాస్తే అవే కమాండ్లు. మెథడ్ కింద రాసిన డాక్‌స్ట్రింగే హెల్ప్ అవుతుంది. ట్రూ రిటర్న్ చేసిన మెథడ్‌తో లూప్ ముగుస్తుంది, అంటే క్విట్ ట్రూ ఇవ్వాలి, మిగతావి ఏమీ ఇవ్వకూడదు.

డూ_సెట్‌కి లైన్ వస్తుంది, స్ప్లిట్ చేస్తే పేరు, విలువ, పేరు, విలువ అని జంటలు. అన్ని జంటల్నీ ముందు చెక్ చేసి, అన్నీ పాసైతేనే ఒకే ఒక్క పెట్టె.మార్చు పిలవండి, తర్వాత గంట.సెట్(). "సెట్ బ్యాచ్ 50 విరామం 10" అన్నప్పుడు రెండూ కలిసి మారడమే కదా మనకి కావాల్సింది, మొదటిది మార్చేసి రెండోదాంట్లో తప్పు దొరికితే పని మధ్యలో నిలబడిపోతాం. మొత్తాన్ని ట్రై లోపల పెట్టి వాల్యూఎర్రర్, టైప్ఎర్రర్ పట్టుకుని మెసేజ్ ప్రింట్ చేయండి, లేకపోతే ఐదు అని అక్షరాల్లో టైప్ చేసిన పాపానికి ప్రాంప్ట్ మొత్తం కూలిపోతుంది.

ఈ మాడ్యూల్‌లో మూడు చోట్ల జాగ్రత్త. ఖాళీగా ఎంటర్ కొడితే అంతకుముందు కొట్టిన కమాండ్‌ని మళ్ళీ నడుపుతుంది, ఇది డిఫాల్ట్, ఎమ్టీలైన్ అనే మెథడ్ రాసి లోపల పాస్ పెడితే పోతుంది. కంట్రోల్ డీ కొడితే ఈఓఎఫ్ అనే కమాండ్‌లా వస్తుంది, దానికీ ఒక డూ_ఈఓఎఫ్ రాసి క్విట్‌నే పిలవండి. మూడోది మనవాళ్ళకే తగిలేది: కమాండ్ పదాన్ని విడదీసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే చూస్తుంది, కాబట్టి డూ_మార్చు అని తెలుగులో మెథడ్ రాసినా దాన్ని పిలవదు, తెలియని సింటాక్స్ అంటుంది. కమాండ్ ఇంగ్లిష్‌లో ఉండి తర్వాత వచ్చే సెట్టింగ్ పేరు తెలుగులో ఉంటే పర్వాలేదు, కానీ ఒక్క లైన్లో రెండుసార్లు కీబోర్డ్ లేఅవుట్ మార్చడం ఓపిక ఉన్నవాళ్ళ పని, నన్నడిగితే సెట్టింగ్ పేర్లు కూడా ఇంగ్లిష్‌లో రెండు మూడు అక్షరాలవి పెట్టుకోండి.

మెట్టు 7: ప్రింట్ ప్రాంప్ట్‌ని తొక్కేస్తుంది

పని థ్రెడ్‌లో ప్రింట్ ఉంటే మీరు సగం టైప్ చేసిన కమాండ్ మధ్యలో "420 అయ్యాయి" అని వచ్చి పడుతుంది. టైప్ చేసింది పోదు, కానీ ఏం టైప్ చేశారో కనపడదు. పని థ్రెడ్‌లో ప్రింట్లు అన్నీ తీసేసి లాగింగ్ మాడ్యూల్‌తో ఫైల్‌కి పంపండి, అది థ్రెడ్స్‌కి తట్టుకునేలానే రాశారు, మనం తాళాలు వేయక్కర్లేదు. బేసిక్‌కాన్ఫిగ్‌లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పడం మరిచిపోవద్దు, విండోస్‌లో చెప్పకపోతే తెలుగు టైటిళ్ళలో అక్షరాల బదులు బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే కోడ్లు లాగ్‌లో పడొచ్చు. ఇంకో టెర్మినల్ తెరిచి లాగ్ ఫైల్‌ని టెయిల్ -ఎఫ్‌తో చూస్తూ ఉండండి, పవర్‌షెల్ అయితే గెట్-కంటెంట్‌కి -వెయిట్. రెండూ ఒకే స్క్రీన్ మీదే కావాలంటే ప్రాంప్ట్_టూల్‌కిట్ అనే లైబ్రరీలో ప్యాచ్_ఎస్‌టీడీఔట్ ఉంది, ప్రింట్లని ప్రాంప్ట్ పైకి నెడుతుంది.

ప్రతి రౌండు మొదట్లో స అంతకుముందు రౌండు స కాకపోతే కొత్త స మొత్తాన్ని లాగ్‌లో ఒక లైన్ రాయించండి. డేటాక్లాస్ కాబట్టి దాన్ని అలాగే రాస్తే పేర్లు, విలువలు చక్కగా వస్తాయి. కమాండ్ కొట్టిన టైమ్ వేరు, అమల్లోకి వచ్చిన టైమ్ వేరు, తర్వాత ఎప్పుడైనా "ఈ ఎర్రర్లు ఎప్పట్నుంచి తగ్గాయి" అని చూడాలంటే రెండోదే కావాలి.

మెట్టు 8: మూసేయడం, చచ్చిపోవడం

డీమన్=ట్రూ పెడితే మెయిన్ అయిపోగానే పని థ్రెడ్ ఎక్కడుంటే అక్కడ తెగిపోతుంది, ఫైల్‌లో సగం లైను రాసి ఉన్నా సరే. ఫైల్ రాసే థ్రెడ్‌కి డీమన్ పెట్టొద్దు. డీమన్ కాకపోతే ఇంకో సమస్య, అది అయ్యేదాకా పైథాన్ ఆగుతుంది, మెయిన్ ఎర్రర్ వచ్చి పోయినా సరే. అందుకని ప్రాంప్ట్‌ని నడిపే సీఎండీలూప్‌ని ట్రై లోపల పెట్టి, ఫైనల్లీలో ఆగిపో.సెట్(), నడు.సెట్(), గంట.సెట్() ఈ వరసలోనే, తర్వాత జాయిన్. నడు ఎందుకంటే పాజ్‌లో ఉండగా క్విట్ కొడితే పని థ్రెడ్ నడు.వెయిట్ దగ్గరే నిలబడి ఉంటుంది, దాన్ని వదలకపోతే ఆగిపో చూడదు. జాయిన్‌కి టైమౌట్ ఇస్తే అది అయిందో లేదో చెప్పదు, ఎప్పుడూ నన్ రిటర్న్ చేస్తుంది, ఈజ్_అలైవ్ అడిగి చూసుకోవాలి, ఆ టైమౌట్ రిక్వెస్ట్ టైమౌట్ కన్నా ఎక్కువ ఉండాలి.

తిరగబడితే, పని థ్రెడ్‌లో ఎర్రర్ వచ్చి అది పోతే, ప్రాంప్ట్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. స్క్రీన్ మీద ట్రేస్‌బ్యాక్ ఒకటి కనిపించి పైకి పోతుంది, మీరు సెట్ కొడితే సరే మార్చాను అంటుంది, అవతల వినేవాళ్ళే లేరు. 3.8 నుంచి థ్రెడింగ్.ఎక్సెప్ట్‌హుక్ ఉంది, అందులో లాగ్‌కి రాయించండి, డూ_షోలో సెట్టింగ్స్‌తో పాటు థ్రెడ్ బతికుందో లేదో కూడా చూపించండి. నెట్‌వర్క్ ఎర్రర్లు మాత్రం తెచ్చి_రాయి లోపలే పట్టుకోవాలి, సర్వర్ 429 (రిక్వెస్టులు మరీ ఎక్కువయ్యాయని) ఇస్తే జవాబులో రీట్రై-ఆఫ్టర్ హెడర్ ఉందేమో చూసి, అన్ని సెకన్లు ఆగి, అదే ముక్కని మళ్ళీ అడగాలి, ఆ ఆగడం కూడా గంట మీదే ఆగండి, స్లీప్ వద్దు.

మెట్టు 9: నెట్ లేకుండా టెస్ట్ చేయడం

నిజం సర్వర్ మీద ప్రయోగాలు చేయకండి. తెచ్చి_రాయి బదులు మూడు సెకన్లు స్లీప్ చేసి, వచ్చిన ముక్కలోని సంఖ్యల్ని ఒక లిస్ట్‌లో కలిపే డూప్లికేట్ ఫంక్షన్ పెట్టండి, టైటిళ్ళ బదులు 0 నుంచి 499 వరకు అంకెలు. నడుస్తుండగా బ్యాచ్ 20, 50, 7 అని ఇష్టమొచ్చినట్టు మార్చండి, ముఖ్యంగా ఆ మూడు సెకన్ల మధ్యలో. అంతా అయ్యాక లిస్ట్ సరిగ్గా 0 నుంచి 499 వరకు, ఒక్కటీ పోకుండా, ఒక్కటీ రెండుసార్లు రాకుండా ఉందా చూడండి. తర్వాత విరామం 60 పెట్టి, నిద్రలోకి వెళ్ళాక 2 చేసి వెంటనే కదిలిందా చూడండి. పాజ్‌లో ఉండగా క్విట్, రిక్వెస్ట్ మధ్యలో క్విట్, ప్రాంప్ట్ దగ్గర కంట్రోల్ సీ, ఈ మూడూ కూడా.

మెట్టు 10: టెర్మినల్ లేని చోట

సర్వర్‌లో సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులు నడిపే ప్రోగ్రాం) కింద నడిపితే కీబోర్డే ఉండదు, ఇన్‌పుట్ అడగగానే ఈఓఎఫ్ వస్తుంది, మన డూ_ఈఓఎఫ్ క్విట్ అనుకుని స్టార్ట్ అయిన క్షణానే మూసేస్తుంది. అక్కడ ప్రాంప్ట్ తీసేసి, సెట్టింగ్స్ జేసన్ ఫైల్‌ని కనిపెట్టుకుని ఉండే చిన్న లూప్ పెట్టండి, రెండు సెకన్లకి ఒకసారి ఓఎస్.స్టాట్‌లో మారిన టైమ్ చూసి, మారితే చదివి, మెట్టు 5లో రాసుకున్న చెకింగే వాడి, అదే పెట్టె.మార్చు, అదే గంట. పని థ్రెడ్‌లో ఒక్క లైను కూడా మారదు, పెట్టె పెట్టుకున్నందుకు లాభం ఇక్కడ కనిపిస్తుంది. మీరు ఎడిటర్‌లో సేవ్ చేసే క్షణంలోనే అది చదివితే సగం ఫైల్ దొరకొచ్చు, జేసన్ ఎర్రర్ వస్తే పాత సెట్టింగ్స్‌తోనే ఉండిపోయి లాగ్‌లో రాస్తే చాలు, రెండు సెకన్లలో మళ్ళీ చూస్తుంది, ఆ పాత టైమ్‌ని మాత్రం అప్‌డేట్ చేయకండి. స్క్రిప్ట్‌తో రాస్తుంటే పక్కన టెంపరరీ ఫైల్ రాసి ఓఎస్.రీప్లేస్‌తో పేరు మార్చండి, సగం ఫైల్ సమస్యే ఉండదు. లినక్స్‌లో సిగ్‌హప్ అనే సిగ్నల్ వస్తే మళ్ళీ చదవడం అనే పద్ధతి కూడా పాతదే, ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి వెబ్ సర్వర్లు అలానే చేస్తాయి, విండోస్‌లో ఆ సిగ్నల్ లేదు. సాకెట్ తెరిచి దాని మీద కమాండ్లు తీసుకుంటానంటే 127.0.0.1 మీదే తెరవండి, 0.0.0.0 పెడితే ఆ నెట్‌వర్క్‌లో ఎవరైనా మీ ప్రోగ్రాంని తిప్పుతారు.

మల్టీప్రాసెసింగ్‌కి ఈ పెట్టె పనికిరాదు, ప్రతి ప్రాసెస్‌కి సొంత కాపీ వెళ్ళిపోతుంది, మీరు ఇక్కడ మార్చింది అక్కడ కనపడదు, దానికి క్యూ కావాలి. జూపిటర్ నోట్‌బుక్‌లో అయితే ప్రాంప్టే అక్కర్లేదు, ఒక సెల్‌లో థ్రెడ్ స్టార్ట్ చేసి, తర్వాతి సెల్‌లో పెట్టె.మార్చు(విరామం=5), గంట.సెట్() అని రన్ చేస్తే అయిపోతుంది.

ఇక ఇవేవీ పెట్టకుండానే ప్రోగ్రాం స్టార్ట్ చేసేశారు, అది నడుస్తోంది, ఇప్పుడు మార్చాలి అంటే? పైథాన్ 3.14 అయితే దారి ఉంది. సిస్.రిమోట్_ఎగ్జెక్ అని కొత్తగా వచ్చింది, నడుస్తున్న ప్రాసెస్ నంబరు, ఒక స్క్రిప్ట్ ఫైల్ పేరు ఇస్తే ఆ ప్రాసెస్ లోపల ఆ స్క్రిప్ట్ నడుస్తుంది. పైథాన్‌తో వచ్చే డీబగ్గర్ పీడీబీని -పీ ఆప్షన్‌తో, ప్రాసెస్ నంబరుతో పిలిస్తే అది కూడా అతుక్కుంటుంది. రెండు వైపులా 3.14 ఉండాలి, పర్మిషన్లు కావాలి, లినక్స్‌లో చాలాసార్లు సుడో అడుగుతుంది. ఆ స్క్రిప్ట్ మెయిన్ థ్రెడ్‌లో వీలు దొరికినప్పుడు నడుస్తుంది, మెయిన్ ఏదైనా రీడ్‌లో ఇరుక్కుని ఉంటే అది లేచేదాకా ఆగుతుంది. రౌండుకీ రౌండుకీ మధ్యే మార్చాలన్న మన జాగ్రత్త దానికి తెలీదు కాబట్టి, బ్యాచ్ లాంటివి దీంతో మార్చే ముందు మీ లూప్ ఆ విలువని ఎన్నిచోట్ల చదువుతోందో ఒకసారి చూసుకోండి.